శ్రీబాగ్ గృహస్థుడు: కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము

పూర్వుల చరిత్రను చెప్పు కట్టడములు అనగానే మన మనస్సులకు కోటలు, బురుజులు, దేవాలయములు తోచును. కర్నూలులోని కొండారెడ్డి బురుజును చూపి రాజుల కథలు చెప్పువారు అనేకులు కలరు. వర్తకులు కట్టుకొన్న ఇండ్లకు, వారు సరకు నింపిన కొట్లకు, అచ్చుయంత్రములు మ్రోగిన మేడలకు మాత్రము చరిత్రలో అంత చోటు దొరకుట లేదు. అయినను రాయలసీమ ప్రజల నోట దాదాపు తొంబది యేండ్లుగా నానుచున్న ఒక ఇంటి పేరు కలదు. అది శ్రీబాగ్. మద్రాసు నగరములో మైలాపూరు భాగమున, లజ్ చర్చి వీథిలో నెలకొన్న ఆ గృహము రాజప్రాసాదము కాదు. తలనొప్పి మందు అమ్మి ధనము గడించిన ఒక వర్తకుని నివాసము. ఒడంబడిక పేరు వినని రాయలసీమవాడు అరుదు. ఆ ఇంటి యజమానుని జీవితము నెరిగినవారును అంతే అరుదు. గ్రంథాలయములకు, పత్రికలకు, తెలుగు పుస్తకములకు తన వ్యాపారలాభమును ధారపోసిన ఆ మహనీయుడే దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. కృష్ణానదిపై బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై అప్పటికి పండ్రెండేండ్లు గడచినవి. ఆ నీటి మహిమచే డెల్టా గ్రామములు క్రమక్రమముగా పచ్చబడుచుండెను. ఆ బాలునికి పదియేండ్ల ప్రాయము వచ్చు కాలమున, 1876 మొదలు 1878 వరకు, కర్నూలు, కడప, బళ్ళారి, అనంతపురము సీమలను ధాత కరువు దహించివేసెను. ఒకే భాష మాటలాడు రెండు ప్రాంతములలో ఒకచోట కాలువలు పారుచుండగా, మరియొకచోట జనులు గంజికేంద్రములకడ బారులు తీరిరి. ఈ భేదము ఒకనాడు తన ఇంటి పెద్దగదిలో చర్చకు వచ్చునని ఆ బాలుడు ఊహించి యుండడు. కాని పంతులుగారి జీవితకథను రాయలసీమ గ్రామములలో చదువునపుడు ఈ భేదమును మొదటనే గుర్తుంచుకొనుట అవసరము.

పంతులుగారు బందరులో చదువుకొని, పిదప మద్రాసు చేరి క్రైస్తవ కళాశాలలో 1891వ సంవత్సరమున పట్టము పుచ్చుకొనిరి. ఆ కాలమున పట్టభద్రుడన్న పేరు గొప్ప ఆస్తి. తాలూకా కచ్చేరిలో కొలువు, లేదా న్యాయవాద వృత్తి, ఈ రెండింటిలో ఒకటి చేపట్టి సుఖముగా నుండుట నాటి చదువుకొన్నవారి ఆచారము. వ్యాపారము వైశ్యుల కులవృత్తి యనియు, బ్రాహ్మణ పట్టభద్రుడు సీసాలు, డబ్బాలు అమ్ముట చిన్నతనమనియు తలచువారు ఎక్కువగా నుండిరి. పంతులుగారు విద్యార్థి దశయందే కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని పత్రికలోని వ్యాసములు చదివి, లోకాచారమునకు వెరవక తనకు తోచిన మంచిని చేయు ధైర్యమును అలవరచుకొనిరి. ఆ ధైర్యము వారిని కొలువు దారినుండి మరలించి వర్తకపు దారి పట్టించెను.

మద్రాసులో వారు కొంతకాలము వ్యాపారయత్నము చేసిరి. పిదప కలకత్తా వెళ్ళి మందుల తయారీని, అమ్మకపు పద్ధతులను నేర్చిరి. అక్కడనుండి బొంబాయి చేరి విలియం అండ్ కంపెనీ అను వర్తకసంస్థలో పని చేసి, కాలక్రమమున దానికే యజమానులైరి. బొంబాయి నాడు హిందూదేశపు వర్తకమునకు రాజధాని. నూలు మిల్లులు, ఓడరేవు, విదేశపు సరకులు, దేశీయ సేటుల పోటీ, ఇవన్నియు కలిసి ఆ నగరము ఒక మహావిద్యాలయముగా నుండెను. కాలేజీలో నేర్వని లెక్కలను, సరకును గుర్తించుటను, ప్రకటన యొక్క బలమును పంతులుగారు అచట నేర్చిరి.

1893వ సంవత్సరమున వారు అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించిరి. కర్పూరము, పుదీనా పువ్వు, నీలగిరి తైలము మొదలగు ద్రవ్యముల గుణము గల పసుపుపచ్చని లేపనమిది. తలనొప్పికి, పడిశమునకు, ఒంటి నొప్పులకు పైపూతగా పనికివచ్చును. మొదట దాని వెల పది అణాలు. మందు మంచిదైన మాత్రమున జనులు కొనరు. వారు దానిని ఒకసారి వాడి చూడవలెను. పంతులుగారు సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టించిరి. రాత్రి పొద్దుపోవువరకు పాట వినువారికి తల బరువెక్కుట సహజము. అట్టివేళ నుదుట రాసికొన్న మందు ఘాటు సభ అంతటను వ్యాపించును. వాసనయే దానికి ప్రకటన యయ్యెను. ఒకరి నుదుటినుండి మరియొకరి ముక్కునకు, ఒక ఇంటినుండి ప్రక్క ఇంటికి ఆ మందు పేరు ప్రాకెను. కొన్ని సంవత్సరములలో అది దేశమంతట అమ్ముడుపోయి, పంతులుగారు గొప్ప ధనవంతులైరి.

ధనము సంపాదించిన వర్తకులు ఆ కాలమున పెక్కుమంది కలరు. ఆ ధనమును పంతులుగారు దేనికి వినియోగించిరను విషయమే వారి జీవితమునకు అర్థము నిచ్చినది. 1905వ సంవత్సరమున వంగదేశ విభజన జరిగినది. స్వదేశోద్యమము దేశమంతట అలుముకొన్నది. 1907 డిసెంబరులో సూరతు నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్ళిరి. అచట మితవాదులకును, అతివాదులకును కలిగిన చీలికను కన్నులార చూచిరి. దేశములో ఇంతటి మార్పు జరుగుచుండగా ఆంధ్రులకు దానిని తమ భాషలో తెలిసికొను సాధనములు మిక్కిలి కొద్దిగా నుండుట వారిని కలచివేసెను. 1908వ సంవత్సరమున బొంబాయినుండియే ఆంధ్రపత్రిక అను వారపత్రికను స్థాపించిరి. తెలుగునేలకు ఎన్నియో వందల మైళ్ళ దూరమున, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, తెలుగు అక్షరములను కూర్చి అచ్చువేయించుట సామాన్యమైన పని కాదు.

ఆ 1908వ సంవత్సరముననే కర్నూలు బిడ్డయైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ స్వరాజ్య పత్రికలోని వ్రాతకు గాను చెరసాల పాలైరి. తెలుగులో పత్రిక నడుపుట ఎంతటి సాహసమో దీనివలన తెలియును. ఒకవంక ప్రభుత్వపు కోపము, మరియొకవంక చందాదారుల కొరత, ఈ రెండింటి నడుమ పుట్టిన పత్రికలు పెక్కు అచిరకాలముననే కన్ను మూయుచుండెను. ఆంధ్రపత్రికకు అట్టి అకాలమరణము కలుగలేదు. దాని వెనుక అమృతాంజనపు రాబడి ఉండెను. పత్రికకు నష్టము వచ్చిన యెడల మందు లాభము దానిని పూడ్చగలదు.

పంతులుగారు పిదప పత్రికను మద్రాసునకు తరలించి, 1914 ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా వెలువరింపసాగిరి. పత్రికాకార్యాలయము జార్జిటౌనులోని తంబుచెట్టి వీథిలో నెలకొన్నది. ఆ వీథి మద్రాసు వర్తకపు నడిగడ్డ. ఒకవైపు రేవు, మరియొకవైపు 1892లో ప్రారంభమైన ఉన్నత న్యాయస్థానపు ఎఱ్ఱని భవనము. నడుమ పాత వర్తకుల పేర్లు వహించిన ఇరుకు వీథులు. చెట్టియారుల కొట్లు, వకీళ్ళ గదులు, దుబాసీల ఇండ్లు, కాళికాంబ ఆలయము, ఇట్టి వాతావరణమున తెలుగు దినపత్రిక అచ్చుయంత్రము తిరుగనారంభించెను. కూర్పరులు సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి వరుసలు పేర్చవలెను, చిత్తులు దిద్దవలెను, తంతివార్తలు ఆంగ్లమున రాగా వానిని తెనిగింపవలెను, తెల్లవారు బండికి కట్టలు సిద్ధము కావలెను. తెలుగు గుణింతములకు, ఒత్తులకు కావలసిన అచ్చుల సంఖ్య ఆంగ్లమునకు కావలసిన దానికి అనేక రెట్లు. ఈ కష్టమంతయు ప్రతిదినము పడవలెను.

దినపత్రిక పుట్టిన నాలుగు నెలలకే మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఊరూర యుద్ధవార్తల కొరకు జనులు ఎదురుచూడసాగిరి. ఆంగ్లము రాని రైతునకు, అంగడివానికి, పంతులుకు తెలుగులో దినవార్తలు చెప్పు సాధనమిప్పుడు లభించెను. గుంతకల్లునుండి ద్రోణాచలము, బేతంచెర్ల, నంద్యాలల మీదుగా బెజవాడ దిక్కునకు పోవు రైలుమార్గము అప్పటికే యున్నది. రైలు చేరు ప్రతి ఊరికిని పత్రిక చేరుటకు వీలు కలిగెను. చదువు వచ్చినవాడు ఒకడు రచ్చబండమీద కూర్చుండి పెద్దగా చదువును. పదిమంది చుట్టు మూగి విందురు. ఒక్క ప్రతి వెలతో ఊరంతయు వార్త వినును. గ్రామ గ్రంథాలయములు పెక్కు ఇట్టి పత్రికా పఠనమునుండియే మొలకెత్తినవి.

దినపత్రిక వెలువడిన పదవనాడు, అనగా 1914 ఏప్రిల్ 10వ తేదీన, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగి గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము పోసిరి. కర్నూలు సీమనుండి హరిసర్వోత్తమరావుగారు చెరనుండి వెలువడిన పిదప గ్రంథాలయములకును, వయోజన విద్యకును తమ జీవితమును అంకితము చేసిరి. నాగేశ్వరరావు పంతులుగారు ఆ ఉద్యమమునకు ధనమును, పత్రికాబలమును సమకూర్చిరి. కృష్ణా జిల్లాలోని గ్రంథాలయముల స్థితిగతులను పరిశీలింపజేసి, నూరింటికి పైగా గ్రంథాలయముల స్థాపనకు తోడ్పడిరి. ఆ జిల్లాలలో కాలువలమీద పడవలలో పుస్తకములు నింపి గ్రామములకు పంపు ఏర్పాటు సైతము 1935లో జరిగినది. రాయలసీమలో పడవ నడుచు కాలువలు మిక్కిలి తక్కువ. ఇచట పుస్తకము ఎద్దుబండిమీదనో, మనిషి చంకలోనో ప్రయాణము చేయవలసినదే. నీటి లేమి పంటకే గాక చదువునకును ఆటంకమైనదని దీనివలన గ్రహింపనగును.

గ్రంథాలయమునకు గోడలున్న చాలదు. బీరువాలో పుస్తకములు కావలెను. ఆ పుస్తకములు పేదవాడు కొనగల వెలకు దొరకవలెను. ఈ సంగతి నెరిగి పంతులుగారు 1924 జనవరిలో భారతి అను సాహిత్య మాసపత్రికను ప్రారంభించిరి. శాసనములు, భాషాచరిత్ర, కావ్యవిమర్శ, కథలు, నూతన కవిత్వము, అన్నిటికి అది వేదిక యయ్యెను. పండితుల పాతవాదమును, యువకుల కొత్తవాదమును ప్రక్కప్రక్కన అచ్చువేయు ఔదార్యము దానికి కలదు. 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలుగా ఇరువదివరకు గ్రంథములను తక్కువ వెలకు ప్రకటించిరి. బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిరి. తాళపత్రములలో నశించుచున్న తెలుగు కావ్యములు ఈ విధముగా గ్రామ గ్రంథాలయముల బీరువాలలోనికి వచ్చినవి. కొమఱ్ఱాజు వెంకటలక్ష్మణరావుగారు ప్రారంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము 1923లో వారి మరణముతో నిలిచిపోగా, దానిని తిరిగి వెలువరించు భారమును పంతులుగారు తమ భుజములపై వేసికొనిరి. లాభము వచ్చు పని ఇందులో ఒక్కటియు లేదు.

రాజకీయములందు పంతులుగారు కాంగ్రెసువాదులు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు పలుమారులు అధ్యక్షులైరి. 1913లో బాపట్లలో ప్రారంభమైన ఆంధ్రోద్యమమునకు వారి పత్రిక అండగా నిలిచెను. ఉప్పు సత్యాగ్రహకాలమున వారు ఆరునెలలు కారాగారవాసము ననుభవించి, ఆ చెరలోనే భగవద్గీతకు తెలుగున వ్యాఖ్య వ్రాసిరి. అరువదియేండ్లు దాటిన ధనవంతుడు, సుఖముగా ఇంట నుండదగినవాడు, స్వచ్ఛందముగా చెరకు పోవుట సామాన్యుల హృదయములను కదల్చివేసెను. ప్రజలు వారిని దేశోద్ధారకుడని, విశ్వదాత యని కొనియాడిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1936లో అమృతాంజనము వాటాదారుల సంస్థగా మారినది.

ఇప్పుడు శ్రీబాగ్ గృహము సంగతికి రావలెను. మద్రాసునకు వచ్చిన పిదప తంబుచెట్టి వీథి పంతులుగారికి కార్యస్థానము కాగా, మైలాపూరులోని శ్రీబాగ్ నివాసమయ్యెను. బాగ్ అనగా తోట. శ్రీ సంస్కృతము, బాగ్ పారసీకము. నవాబుల యేలుబడి చూచిన కర్నూలు ప్రజలకు అట్టి పేరు పరాయిది కాదు. అమృతాంజనపు కార్యాలయము కూడ ఆ లజ్ చర్చి వీథియందే నెలకొన్నది. తెలుగునాటినుండి మద్రాసు వచ్చిన కవులు, పండితులు, కాంగ్రెసు కార్యకర్తలు, సహాయార్థులు పంతులుగారి దర్శనము చేయకుండ పోవుట అరుదు. ఆ కాలమున తెలుగువారికి తమదను రాజధాని లేదు. చెన్నపట్టణమున తెలుగువారు తమదని చెప్పుకొనదగిన తావులలో శ్రీబాగ్ ఒకటి యయ్యెను.

ఇచట రాయలసీమ పూర్వచరిత్రను కొంత స్మరింపవలెను. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. అందుచే వీనికి దత్తమండలములను పేరు కలిగెను. కర్నూలు నవాబు రాజ్యము 1839లో కంపెనీ వశమయ్యెను. ఒకరు మరియొకరికి ఇచ్చివేసిన నేల యను అర్థము గల ఆ పేరు ప్రజలకు రుచింపలేదు. 1928 నవంబరులో బేతంచెర్లకు సమీపమున నున్న నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యను పేరు స్థిరపడెను. ఈ నారాయణరావుగారి పరిష్కరణముతోనే సోమనాథుని పండితారాధ్యచరిత్ర ఆంధ్రగ్రంథమాలలో 1939లో వెలువడినది. సీమకు పేరు పెట్టిన చేయియు, పంతులుగారి గ్రంథమాలకు పనిచేసిన చేయియు ఒక్కటే.

పేరు మారినంతమాత్రమున భయము తీరలేదు. తెలుగువారికి వేరు రాష్ట్రము వచ్చినచో కోస్తా జిల్లాలవారు విద్యలోను, ధనములోను, సంఖ్యలోను ముందుండుటచే, పదవులు, కళాశాలలు, నీరు అన్నియు వారికే దక్కునని రాయలసీమ నాయకులు శంకించిరి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము తుదకు వాల్తేరునందు నిలుకడ చెందెను. అనంతపురము ఆశ ఫలింపలేదు. ఆ శంకకు ఇది బలము చేకూర్చెను. మద్రాసులోనే యుండి తమిళులతో కలసి బ్రదుకుట మేలని తలచువారు కూడ సీమలో నుండిరి. ఈ స్థితిలో ఆంధ్రరాష్ట్రమను మాట ముందునకు సాగవలెనన్న రాయలసీమకు గట్టి హామీ ఇయ్యక తప్పదు. 1937లో బెజవాడయందు ఆంధ్రమహాసభ రజతోత్సవము జరిగిన పిదప, ఉభయప్రాంతముల పెద్దలు కూర్చుండి మాటలాడుటకు నిశ్చయమయ్యెను.

1937 నవంబరు 16వ తేదీన వారందరు శ్రీబాగ్ గృహమున సమావేశమైరి. రాయలసీమనుండి కడప కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు, పప్పూరి రామాచార్యులుగారు మొదలగువారు. కోస్తానుండి కొండా వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మొదలగువారు పాల్గొనిరి. చర్చించి వారొక ఒడంబడికకు వచ్చిరి. విశ్వవిద్యాలయమునకు వాల్తేరుతోపాటు అనంతపురమునందును కేంద్రముండవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగమున రాయలసీమకును, నెల్లూరునకును పదేండ్లపాటు, అవసరమైన అంతకు మించిన కాలము, మొదటి హక్కు చెల్లవలెను. శాసనసభా స్థానములలో సీమకు న్యాయము జరుగవలెను. రాజధాని, ఉన్నత న్యాయస్థానము ఒకేచోట నుండరాదు. ఒకటి కోస్తాయందు, మరియొకటి రాయలసీమయందు నుండవలెను. రెండింటిలో ఏది కావలెనో కోరుకొను హక్కు రాయలసీమది.

ఈ సమావేశము ఏ సభాభవనమునందో, ఏ రాజకీయకార్యాలయమునందో గాక ఈ ఇంట జరుగుట గమనింపదగినది. ఒకరినొకరు శంకించు రెండు పక్షములు కూర్చుండుటకు ఇరువురును నమ్మదగిన తావు కావలెను. పంతులుగారు కృష్ణా జిల్లావారు. నీరు గల నేలలో పుట్టినవారు. అయినను ఇరువది మూడేండ్లుగా వారి దినపత్రిక నదీతీరపు గ్రామమునకును, నాపరాతి గనుల గ్రామమునకును ఒకే వెలకు, ఒకే వార్తను చేర్చుచుండెను. గ్రంథమాల పుస్తకము కొన్నవానిని ఏ జిల్లావాడవని అడిగినది లేదు. వర్తకునికి పేరు వచ్చునది సరకు నాణ్యము చెడనీయకుండుటవలన. డబ్బాపై వ్రాసిన మందు డబ్బాలో నుండవలెను. నలుబది నాలుగేండ్లు ఆ ధర్మమును పాటించిన వర్తకుని కప్పు క్రింద ఇచ్చిన మాటకు ఒక బరువు కలదని ఇరుపక్షములవారును తలచి యుందురు.

ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిల్ 11వ తేదీన, పంతులుగారు పరమపదించిరి. ఆంధ్రరాష్ట్రమును వారు చూడలేదు. పత్రికలను, సంస్థను వారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు నిర్వహించిరి. ఆంధ్రపత్రికయు, భారతియు 1991వ సంవత్సరము వరకు వెలువడి ఆగిపోయినవి. అమృతాంజనము మాత్రము నేటికిని పల్లెటూరి అంగళ్ళలో దొరకుచున్నది. మైలాపూరులో ఒక ఉద్యానవనము వారి పేర వెలసి నడువవచ్చినవారికి నీడ నిచ్చుచున్నది. అందు తిరుగువారిలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు ఎందరో చెప్పలేము.

ఒడంబడిక ఏమైనదని పాఠకులు అడుగుట న్యాయము. శ్రీబాగ్ ఉన్న మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తిగారి ఇంట, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరశనవ్రతము పూని డిసెంబరు 15న అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినది. శ్రీబాగ్ మాట ననుసరించి కర్నూలు రాజధాని యయ్యెను. ఉన్నత న్యాయస్థానము గుంటూరున నెలకొన్నది. భవనములు చాలక కర్నూలులో గుడారములు వేసి కచ్చేరులు నడిపిరి. మూడేండ్లకు, 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశము ఏర్పడి రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. తుంగభద్ర ఆనకట్టనుండి 1953లో నీరు వదలబడెను. తిరుపతిలో 1954లో వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, అనంతపురమున 1981లో కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వచ్చినవి. శ్రీశైలము జలాశయమునుండి కుడికాలువ త్రవ్వబడెను. కొంత నెరవేరినది, కొంత నిలువలేదు, కొంత ఆలస్యముగా వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప శ్రీబాగ్ పేరు మరల వినవచ్చుచున్నది. దానిలో న్యాయమెంత, రాజకీయమెంత అను విషయము ఎవరికి వారు విచారించుకొనవలసినది. విచారించుటకు మొదట ఆ ఒడంబడికలో ఏమి వ్రాసియున్నదో చదివి తెలిసికొనవలెను. చదువకయే వాదించువారివలన రెండు పక్షములకును మేలు లేదు.

ఈ విషయమున గ్రామ గ్రంథాలయముల బాధ్యత పెద్దది. బేతంచెర్ల నాపరాయి దేశమంతట ఇండ్ల నేలలపై పరచబడుచున్నది. గనిలో చెమటోడ్చినవాని పేరు ఆ రాతిపై ఎవరికిని కనబడదు. ఇల్లు మాత్రము దానిమీద నిలిచియుండును. నాగేశ్వరరావు పంతులుగారు తెలుగుజాతికి చేసిన సేవయు అట్టిదే. ఇరువది యయిదేండ్లు దాటి నడుచు ఏ గ్రంథాలయమునకైనను అడుగున అట్టి దాత ఒకడు, చందా తప్పక కట్టిన సామాన్యుడు ఒకడు, దినము తలుపు తీసి దీపము వెలిగించినవాడు ఒకడు ఉందురు. ఆ ముగ్గురిలో ఎవ్వరు లోపించినను బీరువాకు చెదలు పట్టును.

పంతులుగారి జీవితమునుండి గ్రామస్థులు గ్రహింపదగిన సంగతి మిక్కిలి సులభమైనది. వ్యాపారము హీనము కాదు. ఆర్జించిన దానిలో కొంత పదిమంది చదువునకు చేరవలెను. అంగడి లాభమునుండి ఒక పత్రిక, గని కూలినుండి ఒక పుస్తకము, పంట రాబడినుండి ఒక బీరువా, ఎవరి శక్తికి తగినంత వారు ఇచ్చిన చాలును. అట్లు సమకూరిన గ్రంథాలయమున శ్రీబాగ్ ఒడంబడిక పాఠము ఒకటి, ఆంధ్రగ్రంథమాల పుస్తకములు కొన్ని, భారతి పాత సంచికలు దొరకినన్ని భద్రపరచి, కోరిన బాలునికి తీసి ఇచ్చిన యెడల, మైలాపూరులోని ఆ వర్తకుని ఇంటికి రాయలసీమ తన ఋణమును కొంతవరకైనను తీర్చుకొన్నట్లగును.